నానో కణాల విషప్రభావం తేల్చడానికి ఎం.టి.టి.నా, ఎల్.డి.హెచ్.నా?

(కణం అంటే ఇక్కడ నానో కణమే, జీవకణాన్ని సెల్ అందాం. ఎం.టి.టి. ఒక రంగు పొడి: బతికున్న సెల్స్ దాన్ని ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి, ఆ రంగు ఎంతుంటే అన్ని సెల్స్ బతికున్నట్టు. ఎల్.డి.హెచ్. సెల్స్ లోపలి ఎంజైము: చచ్చిన సెల్స్ నుంచి బయటికి కారుతుంది, అది ఎంతుంటే అన్ని సెల్స్ చచ్చినట్టు.)

ఖర్చు: ఎం.టి.టి. పొడి చవక. ఎల్.డి.హెచ్.కి కిట్ కొనాలి.

శ్రమ: ఎం.టి.టి. వేశాక 2–4 గంటలు ఆగి, ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాల్ని డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రావణిలో కరిగించి 570 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు రీడింగ్ తీయాలి. ఎల్.డి.హెచ్.లో సెల్స్ పైనున్న ద్రవం తీసుకుంటే చాలు, అరగంట పని. 490 దగ్గర రీడింగ్.

చిక్కు: అసలు తేడా ఇక్కడే. కార్బన్ నానోట్యూబులు ఫార్మజాన్‌ని పట్టేసుకుంటాయి. స్ఫటికాలు సరిగా కరగవు, బతికున్న సెల్స్ చచ్చినట్టు లెక్క తేలుతుంది. వెండి, రాగి కణాలు దీనికి ఉల్టా: చచ్చిన సెల్స్ నుంచి బయటికొచ్చిన ఎల్.డి.హెచ్. ఎంజైమునే పాడుచేస్తాయి, విషం కాస్తా క్షేమంగా కనిపిస్తుంది. ఈ రెండో తప్పే ప్రమాదకరం. పైగా మీడియాలో (సెల్స్ పెరిగే పోషక ద్రవంలో) కలిపే సీరమ్‌లోనూ ఎల్.డి.హెచ్. ఉంటుంది, సెల్స్ లేని మీడియాని బ్లాంక్‌గా (తీసివేయాల్సిన రీడింగ్ కోసం) పెట్టకపోతే లెక్క గోవిందా.

ఏది వాడినా ఒక వరస వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) సెల్స్ లేకుండా కణాలు, రియేజెంట్ మాత్రమే పెట్టండి. ఎల్.డి.హెచ్. అయితే సెల్స్‌ని పగలగొట్టిన ద్రవంలో అవే కణాలు కలిపి, అంతే సేపు ఉంచి, రీడింగ్ పడిపోతోందేమో చూడండి.

నానోట్యూబులకు ఎల్.డి.హెచ్., వెండి, రాగికి ఎం.టి.టి. 72 గంటల పరీక్షకైతే ఎం.టి.టి.యే నయం, అన్ని గంటలు మీడియాలో ఆ ఎంజైము నిలవదు.