ల్యాబ్ సర్టిఫికెట్‌తో ‘కాంగ్‌షీ’ జాడీ అమ్ముతున్నారు, జాగ్రత్త

పాత చైనా పింగాణీ కొనే మనవాళ్లందరికీ, ముఖ్యంగా అమెరికా తూర్పు తీరంలో ఉంటూ ఆన్‌లైన్ వేలాల్లో బిడ్లు వేసేవాళ్లకి ఈ హెచ్చరిక. నీలం రంగు మీద తెల్లటి ప్లమ్ పూలు, వాటి వెనక పగిలిన మంచులా గీతలు, గుండ్రటి ఒళ్లు, చిన్న మూత. జింజర్ జార్ అంటారే, అలాంటి జాడీ ఒకటి ‘కాంగ్‌షీ కాలం, ల్యాబ్ పరీక్ష అయింది, హాంకాంగ్ పాత సేకరణ’ అన్న వివరంతో తిరుగుతోంది. కాంగ్‌షీ అంటే మూడు వందల ఏళ్ల కిందటి చైనా చక్రవర్తి. నేను కొని, గొడవపడి, వెనక్కి పంపిన జాడీ అది. వెళ్లిన కొన్నాళ్లకే అదే సర్టిఫికెట్‌తో మళ్లీ వేలానికి పెట్టారు. మొదటిసారి చూపించిన అడుగు భాగం ఫోటో మాత్రం ఈసారి తీసేశారు.

అమ్మింది పెద్దవాళ్లు పోయాక ఇళ్లు ఖాళీ చేసే సామాను వేలం వేసే ఒక చిన్న సంస్థ. పేరు రాయడం లేదు. రేపు వేరే పేరుతో ఇంకో సైట్ తెరవడం వాళ్లకి పెద్ద పని కాదు. వాళ్ల పద్ధతి తెలిస్తే పేరు మారినా గుర్తుపట్టవచ్చు.

పాట 3,200 డాలర్ల దగ్గర ఆగింది. దాని మీద 25 శాతం బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము, కలిపి 4,000. ప్యాకింగ్, రవాణా వేరే. నిజంగా కాంగ్‌షీ కాలం నాటిదైతే ఇది ఎక్కువేమీ కాదు. అదే నమూనాలో 19వ శతాబ్దం చివర్లో చేసినవి మాత్రం కొన్ని వందల డాలర్లకే దొరుకుతాయి. అంటే ఆ తేడా డబ్బంతా జాడీతో పాటు చూపించిన రెండు కాగితాలకి ఇచ్చినట్టే. ఒకటి ల్యాబ్ సర్టిఫికెట్, రెండోది 1968 నాటిదని చెప్పిన హాంకాంగ్ బిల్లు.

ముందు కొంచెం నేపథ్యం. కాంగ్‌షీ చక్రవర్తి పాలనాకాలం 1662 నుంచి 1722. జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌దెజెన్ బట్టీల్లో ఆ కాలంలో చేసిన నీలి-తెలుపు పింగాణీకి మంచి పేరు. ఒకే నీలాన్ని పలచగా, చిక్కగా పొరలు పొరలుగా పూసి లోతు తెప్పించేవారు. విక్టోరియా కాలంలో లండన్ ధనవంతులు ఈ ప్లమ్ పూల జాడీల కోసం ఎగబడ్డారు. గిరాకీ చూసి జింగ్‌దెజెన్‌లోనే 19వ శతాబ్దం చివర్లో పాత నమూనాలో గుట్టలుగా చేసి ఎగుమతి చేశారు. వాటి అడుగున కూడా కాంగ్‌షీ పేరే రాశారు. అవి మోసం సరుకు కాదు, వందేళ్లు దాటిన మంచి వస్తువులే, వాటి ధరకి వాటిని కొనుక్కోవచ్చు. వీటికి తోడు ఇప్పటి నకళ్లు. జింగ్‌దెజెన్‌లో ఫాన్‌జియాజింగ్ అనే పేట పాత పింగాణీని అచ్చుగుద్దినట్టు చేయడానికే ప్రసిద్ధి.

కాబట్టి అడుగున ఉన్న పేరు చూసి కాలం నిర్ణయించకండి. 1677లో స్థానిక అధికారి పాత్రల మీద చక్రవర్తి పేరు రాయొద్దని ఆజ్ఞ జారీ చేశాడు. పగిలిన పెంకుల మీద చక్రవర్తి పేరు కాళ్ల కింద పడితే అపచారమని కారణం. అందుకే నిజమైన కాంగ్‌షీ కాలపు పాత్రలు చాలావాటి అడుగున రెండు నీలి వలయాలు మాత్రమే ఉంటాయి, లేదా ఒక ఆకు బొమ్మ, లేదా అంతకు రెండు వందల ఏళ్ల ముందు పాలించిన చెంగ్‌హ్వా చక్రవర్తి పేరు ఉంటుంది. ఇలాంటి జాడీల మీద నాలుగు అక్షరాల్లో ‘కాంగ్‌షీ’ అని కనిపిస్తే అది ఎక్కువసార్లు 19వ శతాబ్దపు చెయ్యి. నేను కొన్నదాని మీద ఆ నాలుగు అక్షరాలే ఉన్నాయి. మామూలుగా అయితే ఆ ధరకి వదిలేయాల్సిన వస్తువు. ల్యాబ్ సర్టిఫికెట్ ఉందనే బిడ్ వేశాను, వాళ్లు దాన్ని పెట్టింది కూడా సరిగ్గా అందుకే.

ఇక ఆ సర్టిఫికెట్ సంగతి. థర్మోల్యూమినిసెన్స్ పరీక్షని ఈ వ్యాపారంలో టీఎల్ అంటారు. మట్టిలోని ఖనిజాలు సహజ రేడియేషన్‌ని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దాచుకుంటాయి. బట్టీలో కాల్చినప్పుడు ఆ నిల్వ సున్నా అయి, తర్వాత మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది. ల్యాబ్‌లో నమూనాని వేడిచేస్తే ఆ నిల్వ వెలుతురుగా బయటికొస్తుంది. దాన్ని కొలిచి, చివరిసారి కాల్చి ఎన్నేళ్లయిందో అంచనా కడతారు. మట్టి బొమ్మ అయితే అడుగున కాస్త పొడి తీస్తే సరిపోతుంది. పింగాణీ గట్టిది కాబట్టి డ్రిల్ పెట్టి, అడుగు వలయం దగ్గర మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న ముక్క తీయాలి. ఆ రంధ్రాన్ని పూడ్చినా ఆనవాలు పోదు.

సర్టిఫికెట్‌లో రెండు చోట్ల నమూనా తీసినట్టు రాసి ఉంది, ఫోటోలో బాణం గుర్తులూ ఉన్నాయి. ఇంటికొచ్చిన జాడీ అడుగు మొత్తం భూతద్దం పెట్టి చూశాను. ఒక్క రంధ్రం లేదు, పూడ్చిన జాడా లేదు. అప్పుడు సర్టిఫికెట్ ఫోటోలో పూలకొమ్మని, జాడీ మీద కొమ్మని పక్కపక్కన పెట్టి చూశాను. ఇవన్నీ చేత్తో వేసిన బొమ్మలు, ఏ రెండు జాడీల మీదా పూలు ఒకే చోట పడవు. ఫోటోలో కొమ్మ ఎడమకి వంగి మూడు పూల గుత్తితో ముగుస్తుంది, నా దగ్గరున్న దాని మీద ఆ గుత్తే లేదు. వేలం సైట్‌లో ఈ కాగితం ఫోటో వేలెడంతే ఉంది, పెద్దది చేస్తే మసక. పూర్తి కాపీ డబ్బు కట్టాకే పంపారు.

సర్టిఫికెట్ నంబర్‌తో నేరుగా ల్యాబ్‌కే రాశాను. కాగితం మీదున్న ఫోన్, ఈమెయిల్ కాకుండా ల్యాబ్ సొంత సైట్‌లో ఉన్న చిరునామాకి రాశాను, మీరూ అలాగే చేయండి. సర్టిఫికెట్ అసలైనదేనట, వాళ్ల రికార్డులో ఉన్న జాడీ మాత్రం వేరేదట. ఒకరి ఆధార్ కార్డు పట్టుకుని ఇంకొకరు వచ్చి నిలబడ్డట్టు. అసలు కాగితం అసలు వస్తువుతో ఎక్కడో అమ్ముడైపోయి ఉంటుంది, దాని కాపీ మాత్రం ఇలా ఊరేగుతోంది.

సర్టిఫికెట్, జాడీ ఒకదానికొకటి సరిపోయినా పని అయిపోదు. నమూనా తీసిన ముక్క వయసే ఆ పరీక్ష చెబుతుంది. పాత అడుగుకి కొత్త ఒళ్లు అతికించి అడుగు నుంచి నమూనా ఇప్పించేవాళ్లున్నారు. కొత్త పాత్రకి రేడియేషన్ పెట్టి వయసు పెంచే ప్రయత్నాలూ జరిగాయి. పైగా ఏ చక్రవర్తి కాలం అన్నది టీఎల్ చెప్పదు, ఇన్నేళ్ల నుంచి ఇన్నేళ్ల మధ్య అని పెద్ద గడువు ఇస్తుంది.

హాంకాంగ్ బిల్లు ఇంకా ఘోరం. హాంకాంగ్‌లోని హాలీవుడ్ రోడ్‌లో ఇప్పుడు లేని ఒక దుకాణం పేరు, 1968 తేదీ, పసుపెక్కిన కాగితం, చూడ్డానికి బాగుంది. దుకాణం ఫోన్ నంబర్ మాత్రం ఎనిమిది అంకెలు, 2తో మొదలవుతుంది. హాంకాంగ్ ఇళ్ల, దుకాణాల నంబర్లకి ముందు 2 చేర్చి ఎనిమిది అంకెలు చేసింది 1995 జనవరి 1న. టీ డికాషన్‌తో కాగితాన్ని ముసలిదాన్ని చేయడం తెలిసినవాడికి ఇది తట్టలేదు. పాత బిల్లులు, లేబుళ్లు, ఉత్తరాలు చూపిస్తే తేదీ ఒక్కటే చూడకండి. ఫోన్ నంబర్, అచ్చు తీరు, ఊరి పేరు స్పెల్లింగ్, అన్నీ ఆ తేదీకి కుదురుతున్నాయా అని చూడండి.

ఎర్ర లక్క ముద్ర గురించి కూడా ఒక మాట. దారంతో కట్టి లేదా అడుగున అంటించి ఉంటుంది, ‘చైనా ప్రభుత్వం ధ్రువీకరించింది’ అని చెబుతారు. అది దేశం దాటించడానికి ఇచ్చే అనుమతి గుర్తు, వస్తువు గొప్పతనానికి హామీ కాదు. ఎగుమతి చేయకూడనంత పాతది కాదనే దానర్థం. పైగా ముద్రలకీ నకిలీలున్నాయి.

జాడీ విషయానికొస్తే, చీకటి గదిలో యూవీ టార్చ్ వేయగానే మెడ దగ్గర ఒక పట్టీ వేరే రంగులో వెలిగింది. విరిగిన అంచుని రెసిన్‌తో కట్టి, పైన రంగు, మెరుపు పూశారు. వేలం వివరంలో ‘మంచి స్థితి’ అని ఉంది. అడుగు వలయం మీద అరుగుదల గీతలన్నీ ఒకే దిక్కుకి ఉన్నాయి. ఏళ్ల తరబడి బల్ల మీద జరిగిన పాత్రకి గీతలు నానా దిక్కులకీ ఉంటాయి, గరుకు కాగితంతో రుద్దితేనే ఇలా వస్తుంది. ఇది 19వ శతాబ్దపు నకలు కూడా కాదని నాకు అనిపించింది అక్కడే.

ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు: ‘వయసు అనేది అభిప్రాయం, సరుకు ఉన్నది ఉన్నట్టే అమ్ముతాం.’ చిన్న వేలాల నిబంధనల్లో ఈ వాక్యం ఎప్పుడూ ఉంటుంది, దానితో వాదించి లాభం లేదు. నేను వయసు ఊసెత్తడం మానేసి ఒక్కటే పట్టుకున్నాను: ఈ సర్టిఫికెట్ ఈ జాడీది కాదు. ఇది అభిప్రాయం కాదు, ఫోటోలు పక్కపక్కన పెడితే ఎవరికైనా కనిపించేది. క్రెడిట్ కార్డ్ బ్యాంకులో ‘వివరించిన వస్తువు కాదు’ అన్న కారణంతో డిస్ప్యూట్, అంటే డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు, వేసి, ల్యాబ్ ఈమెయిల్ జతచేశాను. 4,000 తిరిగొచ్చింది. రెండువైపుల రవాణా, ఇన్సూరెన్స్ ఖర్చు పోయింది. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ లేదా జెల్ (Zelle, ఖాతా నుంచి ఖాతాకి నేరుగా డబ్బు పంపే సేవ) ద్వారా కడితే తగ్గిస్తామని వాళ్లు ముందే ఆశ చూపారు. అలా కట్టి ఉంటే ఈ దారి మూసుకుపోయేది.

వేలం వివరంలో మాటలు కూడా జాగ్రత్తగా చదవండి. ‘కాంగ్‌షీ మార్క్ అండ్ పీరియడ్’ అంటే పేరూ ఆ కాలానిదే, వస్తువూ ఆ కాలానిదే అని బాధ్యత తీసుకోవడం. ‘కాంగ్‌షీ మార్క్’ అని ఆపేస్తే అడుగున పేరు ఉందని చెప్పడమే. ‘కాంగ్‌షీ స్టైల్’ అయితే చెప్పడానికేమీ లేదు.

కనెక్టికట్‌లో గరాజ్ సేల్‌లో 35 డాలర్లకి కొన్న మింగ్ వంశ కాలం నాటి చైనా గిన్నె 2021లో న్యూయార్క్‌లో 7,21,800 డాలర్లకి అమ్ముడైన వార్త వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతుంటుంది. నిజమే, జరిగింది. ఇలాంటి అమ్మకందారులకి అంతకంటే మంచి ప్రకటన లేదు, ఆ వార్త చదివి బిడ్ వేసేవాళ్లే వాళ్లకి కావాలి.

కన్ను తయారవ్వాలంటే అసలైనవి చూడాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గ్రేట్ హాల్ బాల్కనీ చుట్టూ చైనా పింగాణీ ఉంది, హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్‌లో చైనా గ్యాలరీ చూడండి. కాకపోతే అద్దాల వెనక ఉన్నవాటి అడుగు కనిపించదు. అందుకే మార్చి, సెప్టెంబర్‌లలో న్యూయార్క్‌లో పెద్ద వేలాలకి ముందు జరిగే ప్రదర్శనలకి వెళ్లమంటాను. టికెట్ ఉండదు, అడిగితే చేతికిస్తారు, అడుగు తిప్పి చూడొచ్చు.

ఇప్పటికే ఇలాంటి జాడీ కొని ఇరుక్కున్నవాళ్లు ఉంటే, వేలం పేజీ ఫోటోలు, వివరం స్క్రీన్‌షాట్లు వెంటనే తీసి పెట్టుకోండి, గొడవ మొదలవగానే ఆ పేజీ మాయమవుతుంది. వెనక్కి పంపేటప్పుడు ప్యాక్ చేయడం వీడియో తీసి, సంతకం తీసుకునే కొరియర్‌లోనే పంపండి. వచ్చిన డబ్బా, లోపలి థర్మోకోల్ కూడా బ్యాంకు తేల్చేదాకా పారేయకండి, ‘మీ దగ్గరే పగిలింది’ అనడం వాళ్ల తర్వాతి మాట.