ఆ ‘ఫ్యాట్ హార్మోన్’ ప్యాకేజీకి రెండు స్టార్లే

తెనాలిలో ఉండే మా చెల్లికి కిడ్నీలో రాళ్ళేమోనని సీటీ తీస్తే, ఎడమ అడ్రినల్ గ్రంథి (కిడ్నీ పైన ఉండే హార్మోన్ల గ్రంథి) మీద 2 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. ఆ టెన్షన్‌లో ఉండగానే ఒక ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేసి కొవ్వు కణాలు వదిలే లెప్టిన్, అడిపోనెక్టిన్ హార్మోన్లు, అడ్రినల్ వదిలే కార్టిసాల్ హార్మోను పరీక్షలు కలిపిన ప్యాకేజీ అంటగట్టారు. “గడ్డ సంగతి మొత్తం తేలిపోతుంది మేడమ్” అన్నారట. ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణని రిపోర్టు నాకు పంపింది.

ముందు మంచి చెప్పాలి. ఇంటికొచ్చిన కుర్రాడిది చెయ్యి తిరిగిన పని. ఒక్క పోటుకే నరం దొరికింది, చెయ్యి కమిలిపోలేదు. ఆ రెండు స్టార్లూ అతనికే.

రిపోర్టులో లెప్టిన్ ఎక్కువని ఎర్ర అక్షరాల్లో వేశారు. చెల్లి కాస్త లావు మనిషి. లావుగా ఉన్నవాళ్ళలో లెప్టిన్ ఎక్కువగా, అడిపోనెక్టిన్ తక్కువగా ఉండటం మామూలే, గడ్డ ఉన్నా లేకపోయినా. పైగా ఈ వ్యవహారం రెండువైపులా నడుస్తుంది. గడ్డ నుంచి కార్టిసాల్ ఎక్కువగా వస్తే పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, లెప్టిన్ పెరుగుతుంది. అటు కొవ్వు కణాలు వదిలే పదార్థాలు అడ్రినల్ కణాల చేత బీపీ పెంచే ఆల్డోస్టెరాన్ హార్మోను ఎక్కువ చేయిస్తాయని ప్రయోగశాలల్లో చూశారు. పరిశోధనకు ఇది చాలా విలువైన విషయం. కానీ ఒక్క లెప్టిన్ అంకె చూసి ఆ గడ్డ ఏం చేస్తోందో ఎవరూ చెప్పలేరు.

నాకు కోపం తెప్పించింది కార్టిసాల్. రక్తం తీసిన టైమ్ ట్యూబు మీద లేదు, రిపోర్టులోనూ లేదు. పొద్దున ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉండే హార్మోను అది. టైమ్ రాయకపోతే ఆ అంకెను దేనితో పోల్చుకోవాలి? దాని పక్కన ‘నార్మల్’ అని పచ్చరంగులో వేసేశారు. అది చూసి పిచ్చితల్లి ఊపిరి పీల్చుకుంది.

నేను ఊరుకోలేదు. గుంటూరులో ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి పంపాను. ఆయన రాత్రి 11కి మామూలుగా కార్టిసాల్‌ను అణిచేసే డెక్సామెథసోన్ మందు 1 మి.గ్రా. వేయించి, మర్నాడు పొద్దున 8కి కార్టిసాల్ చూశారు. డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటకూడదు, 3.1 వచ్చింది. బీపీ ఉంది కాబట్టి ఆల్డోస్టెరాన్, దాన్ని నడిపించే రెనిన్ పరీక్షలు కూడా రాశారు. సీటీలో గడ్డ సాంద్రత కొలిపిస్తే 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల లోపే ఉంది, క్యాన్సర్ భయం అక్కర్లేదన్నారు. అయితే గడ్డ కొద్దికొద్దిగా కార్టిసాల్ వదులుతోంది కాబట్టి బీపీ, షుగరు, ఎముకలు చూసుకుంటూ ఉండాలట.

ల్యాబ్ వాళ్ళూ, ట్యూబు మీద టైమ్ రాయండి. అడ్రినల్ గడ్డ ఉందని చెప్పినవాళ్ళకు మాత్రం ఈ ప్యాకేజీ అమ్మకండి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళమనండి.