స్టాండ్ అలోన్ కాంప్లెక్స్: ఏళ్ల తరబడి చూశాక రాస్తున్న సమీక్ష

సైబర్ నేరాల మీద ఒకే ఒక్క యానిమే (జపనీస్ యానిమేషన్) చూస్తాను, పేరు చెప్పు అని ఎవరడిగినా నా నోట వచ్చేది గోస్ట్ ఇన్ ద షెల్: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్. 2002లో జపాన్‌లో మొదలైంది. మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు, 2004లో మొదలైన రెండో సీజన్ ఇంకో 26. మసమునె షిరో గీసిన మాంగా, అంటే జపనీస్ కామిక్, దీనికి మూలం, 1995లో మమోరు ఒషీ తీసిన సినిమాకీ అదే మూలం, కానీ కెంజి కమియామా దర్శకత్వంలో వచ్చిన ఈ సిరీస్‌కి ఆ సినిమాతో పని లేదు, అది చూడకపోయినా ఇది అర్థమవుతుంది. కాలేజీ రోజుల్లో మొదలుపెట్టాను, ఉద్యోగంలో చేరాక చూశాను, పిల్లలు పడుకున్నాక ఇప్పటికీ చూస్తున్నాను.

కథ 2030లో జరుగుతుంది, నిహామా అనే ఊళ్లో. అప్పటికి దాదాపు అందరి మెదళ్లూ నేరుగా నెట్‌కి కలిసిపోయి ఉంటాయి. ఫోన్ అక్కర్లేదు, తలలోనే మాట్లాడుకోవచ్చు, వెతుక్కోవచ్చు. అంటే దొంగ కూడా నేరుగా తలలోకే రావచ్చు. మీ కళ్లకి లేనిది చూపించవచ్చు, జరగనిది జరిగినట్టు గుర్తుండేలా చేయవచ్చు. ఇలాంటి నేరాల వెంట పడే చిన్న పోలీసు బృందం సెక్షన్ 9. పైన ముసలి అరమాకి, రంగంలో మేజర్ మొటోకో కుసానాగి. ఆమెది పూర్తిగా యంత్ర శరీరం.

పోస్టర్ చూస్తే తుపాకులు, ఛేజింగులు అనిపిస్తుంది. అవీ ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కానీ ఇన్నేళ్లుగా నన్ను పట్టి ఉంచింది మాత్రం ఇందులో దర్యాప్తు చేసే పద్ధతి. ఇంత టెక్నాలజీ ఉన్నా కేసు కదిలేది ఎవరో ఒకరు కూర్చుని, చూసిన కాగితాన్నే మళ్లీ చూసి, దీనివల్ల లాభం ఎవరికి అని అడిగినప్పుడే.

నాలుగో ఎపిసోడ్ తీసుకోండి. తొగుసా ఈ బృందంలో దాదాపు మామూలు మనిషి. మెదడుకి మాత్రం కనెక్షన్ ఉంది, ఒళ్లు సొంతదే, ఇంట్లో భార్య, కూతురు, చేతిలో పాత తరహా రివాల్వర్. ఒకప్పుడు తనతో పనిచేసిన పోలీసు ఒకడు, నీతో మాట్లాడాలి అని ఫోన్ చేసి, కలవకముందే రోడ్డు ప్రమాదంలో పోతాడు. మిగిలినవి కొన్ని ఫోటోలు. వాటిలో చూడగానే అనుమానించాల్సిందేమీ లేదు. తొగుసా వాటిని ముందేసుకుని కూర్చుంటాడు, ఇవి ఎవరు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని. చివరికి తేలేదేమిటంటే ఆ ఫోటోలు కెమెరాతో తీసినవే కావు, మనుషుల కళ్లలోంచి వచ్చినవి. నేరస్తుణ్ని వెతుకుతున్న పోలీసుల కళ్లలోనే, వాళ్లకి చెప్పకుండా, వాళ్ల పైవాళ్లే నిఘా పరికరాలు పెట్టించారు. ఒక్క తూటా కూడా అవసరం లేకుండా వచ్చిన ఆ మలుపు దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అక్కడినుంచే అసలు కథ, లాఫింగ్ మ్యాన్ కేసు, మొదలవుతుంది. 2024లో, అంటే కథాకాలానికి ఆరేళ్ల ముందు, ఒక కుర్రాడు మైక్రోమెషిన్లు, అంటే చికిత్సకి వాడే అతి చిన్న యంత్రాలు, తయారుచేసే కంపెనీ అధిపతిని కిడ్నాప్ చేసి, టీవీలో వాతావరణ వార్తలు లైవ్ వస్తుంటే కెమెరా ముందుకి లాక్కొచ్చి, నిజం చెప్పు అని తుపాకి పెడతాడు. వీధి నిండా జనం, కెమెరాలు. అయినా వాడి ముఖం ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆ క్షణంలో అక్కడున్న ప్రతి కెమెరాలో, ప్రతి సైబర్ మెదడులో తన ముఖం స్థానంలో నవ్వుతున్న బొమ్మని అతికించేశాడు. ముఖం నిజంగా చూసింది ఇద్దరే ఇద్దరు, మెదడుకి ఏ కనెక్షనూ లేని, ఇల్లూ వాకిలీ లేని మనుషులు. ఆ చిన్న వివరం రాసినవాళ్లకి దణ్ణం పెట్టాలి. డబ్బుండి అన్నీ పెట్టించుకున్నవాళ్లంతా గుడ్డివాళ్లయ్యారు, ఎవరూ లెక్కచేయనివాళ్లు సాక్షులయ్యారు.

దీని వెనక జపాన్‌లో నిజంగా జరిగిన కేసు ఛాయలు ఉన్నాయి. 1984లో గ్లికో అనే మిఠాయి కంపెనీ అధ్యక్షుణ్ని కిడ్నాప్ చేశారు, ఆయన తప్పించుకున్నాడు, ఆ తర్వాత బెదిరింపు ఉత్తరాలు, కంపెనీల వస్తువుల్లో విషం. నేరస్తులు ఇప్పటికీ దొరకలేదు, 2000 నాటికి కేసు గడువే తీరిపోయింది. ఆ కథ చదివి మళ్లీ సిరీస్ చూస్తే కంపెనీలు, పోలీసు పెద్దలు, రాజకీయ నాయకులు ఆడే నాటకం ఇంకా బాగా అర్థమవుతుంది. ఇందులో ఆ కుర్రాడు బయటపెట్టాలనుకున్నది కూడా ఒక మందు సంగతే. పనిచేసే వ్యాక్సిన్‌ని తొక్కిపెట్టి, ఖరీదైన మైక్రోమెషిన్ చికిత్సకి దారి ఇచ్చారన్నది.

ఆ తర్వాత జరిగేది ఇంకా భయంకరం. పోలీసు ఉన్నతాధికారి మీటింగులో ఒకరి తర్వాత ఒకరు, ఒకరికొకరు పరిచయమే లేని జనం, నేనే లాఫింగ్ మ్యాన్‌ని అనుకుంటూ మీదపడతారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కూడగట్టలేదు. ఒక ముద్ర నెట్‌లో తిరిగింది, దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు సొంతం చేసుకున్నారు. 2002లో, సోషల్ మీడియా ఇంత లేనప్పుడే, ఇది ఊహించి రాశారు. ఇప్పుడు ఏదైనా హ్యాష్‌ట్యాగ్ వెంట జనం ఎగబడటం చూసినప్పుడల్లా నాకు ఆ ఎపిసోడే గుర్తొస్తుంది. మా బంధువు ఒకాయనకి వీడియో కాల్‌లో యూనిఫారం వేసుకున్న మనిషి కనబడి, మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, ఫోన్ పెట్టేయడానికి వీల్లేదు అన్నప్పుడు కూడా అంతే. ఆయన అదృష్టం, కోడలు పక్కనే ఉండి కాల్ కట్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది. కళ్లతో చూశాం కదా అని నమ్మే కాలం పోయిందని ఈ సిరీస్ ఎప్పుడో చెప్పింది.

పెద్ద కేసుతో సంబంధం లేని విడి ఎపిసోడ్లు కూడా వదలకండి. రెండోదాంట్లో ఒక యుద్ధ ట్యాంకు అదుపు తప్పి ఊరి మీదికి వస్తుంది. లోపల ఉన్నది వారం కింద చనిపోయిన దాని డిజైనర్ మెదడు. పుట్టు రోగిష్టి, తల్లిదండ్రుల మతం ఒప్పుకోదని యంత్ర శరీరం పెట్టించుకోలేదు. ఆ ట్యాంకు వెళ్లేది అమ్మానాన్నల ఇంటికి. పగ తీర్చుకోవడానికి అనుకుంటాం. మేజర్ వాడి మెదడుకి కనెక్ట్ అయి ఆపేశాక, ఆ ఆఖరి క్షణంలో తనకి తెలిసింది చెబుతుంది. వాడు అమ్మకి తన కొత్త ఒళ్లు చూపిద్దామనుకున్నాడేమో అని. అరగంట కూడా లేని ఎపిసోడ్, కానీ చూశాక వెంటనే ఇంకోటి పెట్టబుద్ధి కాదు.

ఇక టాచికోమాలు. సెక్షన్ 9 వాడే, సాలీడులా కాళ్లున్న నీలం రంగు ట్యాంకులు, గొంతు మాత్రం చిన్నపిల్లలది. రోజూ వాటి జ్ఞాపకాలన్నీ కలిపేస్తారు, కాబట్టి అన్నీ ఒకేలా ఉండాలి. కానీ బృందంలోని బాటో తనకి ఇష్టమైనదానికి మాత్రం మిగతావాటికి దొరకని సహజ నూనె తెచ్చిపోస్తుంటాడు. మెల్లగా వాటిలో తేడాలు మొదలై, చావు గురించి, దేవుడి గురించి వాదించుకునేదాకా వస్తాయి. ఆలోచించే ఆయుధాన్ని నమ్మడమెలా అన్నది మేజర్ భయం. అది సబబే, కానీ వాటిని పంపించేసే ఎపిసోడ్ చూస్తుంటే నాకు ప్రతిసారీ ఆమె మీద కోపం వస్తుంది. అంతకుమించి చెప్పను, సీజన్ చివర మీరే చూడండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మాటలు చాలా ఎక్కువ. మంత్రిత్వ శాఖల గొడవ మొదలైతే సబ్‌టైటిల్స్ ఆపి ఆపి చదవాల్సిందే, రోజంతా పనిచేసి అలసిపోయి చూసేది కాదు. తొమ్మిదో ఎపిసోడ్ అంతా ఒక ఆన్‌లైన్ చాట్ గదిలో వాదనే, చాలామందికి బోర్, నాకు ఇష్టం. కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేసిన కార్లు ఇప్పుడు పాతబడ్డాయి. మొదటి సీజన్‌లో మేజర్‌కి వేసిన బట్టలు ఆమె ఉద్యోగానికి ఏమాత్రం నప్పవు, ఇంట్లో నలుగురి మధ్య పెట్టుకుని చూడాలంటే ఇబ్బంది. రెండో సీజన్‌లో దాన్ని కొంత సరిచేశారు. ఆ సీజన్ శరణార్థుల చుట్టూ తిరుగుతుంది, రాజకీయం ఇంకా చిక్కన, నాకు మొదటిదంత పట్టు కనిపించలేదు కానీ చూడాల్సిందే. 2020లో 3డీలో వచ్చిన ఎస్‌ఏసీ (స్టాండ్ అలోన్ కాంప్లెక్స్) 2045 మాత్రం నాకు నచ్చలేదు, ఆ బొమ్మల ముఖాల్లో బరువు లేదు.

యోకో కన్నో సంగీతం వదిలేసి సమీక్ష ముగిస్తే పాపం. టైటిల్ పాట స్కిప్ కొట్టకండి, ఒరిగా గొంతు అది. వీలైతే జపనీస్ ఆడియోతోనే చూడండి. మేజర్‌కి గొంతు ఇచ్చిన అత్సుకో తనకా 2024లో కన్నుమూశారు. ఆ గొంతులోని అలసట, పట్టుదల, పక్కవాళ్ల మీద దాచుకున్న ప్రేమ సబ్‌టైటిల్స్‌లో దొరకవు.

మొదటి ఎపిసోడ్ మాత్రం చూసి తేల్చేయకండి. వరసగా నాలుగోదాకా చూడండి. తొగుసా ఫోటోలు ముందేసుకుని కూర్చున్న ఆ ఎపిసోడ్ కూడా మిమ్మల్ని పట్టుకోకపోతే, మిగతా 48 కూడా పట్టుకోవు, నిశ్చింతగా వదిలేయొచ్చు.