పెరట్లో ఫాక్స్‌టెయిల్ పామ్: పదేళ్లు దాటాక నా మాట

కోనసీమలో ఉంటూ ఇంటి ముందు పామ్ చెట్లు వేసుకుంటే ఊరంతా వేళాకోళమే. "ఆ జాగాలో రెండు కొబ్బరి మొక్కలేసుంటే పచ్చడికైనా పనికొచ్చేవి కదండీ" అంటాడు మాకు దింపు తీసే ఆయన, ఇప్పటికీ. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా పదేళ్లు పైబడి పెంచిన మీదట చెబుతున్నాను: అందం కోసమే వేసేటట్టయితే మన డెల్టా నేలకి ఫాక్స్‌టెయిల్ మంచి ఎంపిక. అయిదుకి నాలుగు మార్కులిస్తాను. కాకపోతే దీన్ని షోకు మొక్కలా వదిలేస్తే కుదరదు. కొబ్బరికి చేసే చాకిరీ అంతా దీనికీ చెయ్యాలి.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన ఉన్న కేప్ మెల్విల్. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టిందే 1983లో. అక్కడ రాళ్ల సందుల్లో, ఇసకలో పెరిగే చెట్టు. మనదేమో నీళ్లు పట్టి ఉంచే బంకమట్టి. ఈ తేడా గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. నేను జానెడున్నర ఎత్తున మెరక చేయించి, చెరువు మట్టిలో ఇసక, చివికిన గత్తం కలిపి నాటాను. కాండం మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. వానాకాలంలో పాదులో నీళ్లు నిలవకుండా ఒక పక్కకి బోదె తీశాను. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లే గతి. మా బోరు కాస్త ఉప్పదనమే, అయినా తట్టుకుంది. అంతకన్నా సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి ఎలా ఉంటుందో మాత్రం నేను పూచీ పడను.

రాయల్ పామ్ వెయ్యలేదేమని అడుగుతారు. మా బావగారింట్లో ఉన్నాయి, గేటు నుంచి వీధరుగు దాకా వరసగా. చూడ్డానికి రాజసమే. పండిన మట్ట రాలినప్పుడు మాత్రం బస్తా దింపినట్టు చప్పుడొస్తుంది. కింద కారు ఉంటే అంతే సంగతులు. ఫాక్స్‌టెయిల్ మట్ట కూడా తనంతట తనే ఊడి పడుతుంది గానీ అంత బరువుండదు. చెట్టు కూడా ముప్ఫై అడుగుల దగ్గర ఆగుతుంది, రాయల్‌లా కరెంటు తీగల్ని దాటిపోదు.

అసలు తంటా పొటాష్‌తో. ముదురు మట్టని ఎండకెత్తి చూడండి. ఆకంతా సన్నటి నారింజ రంగు చుక్కలు, కొసలు మాడి ఉంటే అది పొటాష్ లోటు. చాలామంది నీళ్లు చాల్లేదనుకుని తడి పెంచుతారు, లేదా యూరియా గుమ్మరిస్తారు. యూరియా ఒక్కటే వేస్తే లోటు ఇంకా ముదురుతుంది. నేను ఏడాదికి మూడు విడతలుగా పొటాష్, దానితో కాస్త మెగ్నీషియం సల్ఫేటు, వేప పిండి వేస్తాను. ఇంకోటి, పసుపెక్కింది కదా అని ఆ మట్టని నరికెయ్యకండి. చెట్టు అందులోని పొటాష్‌ని లాక్కుని కొత్త ఆకుకి పంపుకుంటుంది. నరికితే ఆ పై మట్ట పసుపెక్కడం మొదలవుతుంది. పండగలకి నున్నగా గొరిగించే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సీరియల్ బల్బుల కోసం కాండానికి మేకులు కొట్టేవాళ్ల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. పామ్ జాతి కాండానికి పడ్డ గాయం పూడదు, జన్మంతా అలాగే ఉంటుంది.

చుట్టూ కొబ్బరి తోటలే కాబట్టి వాటి పురుగులన్నీ దీనికీ చుట్టాలే. విచ్చుకున్న కొత్త మట్టలో రెండు వైపులా ఒకే తీరు కత్తిరింపులు కనిపిస్తే కొమ్ము పురుగు మొవ్వులో, అంటే చెట్టు నడినెత్తి చిగురులో, దూరిందన్నమాట. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే, పక్క నుంచి మళ్లీ చిగురు రాదు. కొబ్బరికైతే మట్టల మొదళ్లలో నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసక పోస్తాం. ఫాక్స్‌టెయిల్ మట్టల మొదళ్లు ఒకదాన్నొకటి బిగించి చుట్టుకుని ఉంటాయి, గోళీ పెట్టే సందు దొరకదు. అందుకని కొమ్ము పురుగు పిల్లలు పెరిగే పెంటకుప్పనే ఇంటికి దూరంగా మార్పించాను. అప్పట్నుంచి చాలావరకు నయం.

సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో పొల్లాచ్చి వైపు కొబ్బరిలో బయటపడింది, తర్వాత మన దాకా వచ్చింది. ఆకుల అడుగున తెల్లటి వలయాలు, కింది ఆకుల మీద జిగురు, దాని మీద మసి. ఘాటు మందులు కొడితే దాన్ని తినే మేలు పురుగులు కూడా చస్తాయి. మేం గట్టి ధారతో ఆకు అడుగులు కడిగి, సబ్బు నీళ్లలో వేప నూనె కలిపి కొట్టాం. మసికి పల్చటి గంజి పిచికారీ చేస్తే ఎండాక పొరలా ఊడొచ్చింది.

2018 డిసెంబరులో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు మాకు పోయింది నాలుగు మట్టలే. చెట్లు నిలబడ్డాయి.

కొనడానికి కడియపులంక నర్సరీలకి వెళితే సంచిలోనో కుండీలోనో పెరిగిన మొక్కే తీసుకోండి. నేల నుంచి పెకలించిన పెద్ద చెట్టు లారీ మీద బాగా కనిపిస్తుంది, తీరా నాటాక ఏడాదిపాటు ముడుచుకుని కూర్చుంటుంది. మా వీధిలో ఒకరికి అలా వచ్చిన రెండూ ఎండిపోతే అమ్మినవాళ్లు ఫోనే ఎత్తలేదు. డబ్బిచ్చే ముందు ఆకు తిరగేసి అడుగున తెల్ల వలయాలున్నాయేమో చూసుకోండి.