భీమిలిలో ఒక రాత్రైనా ఉండండి

విశాఖ వచ్చినవాళ్ళు చాలామంది భీమిలికి మధ్యాహ్నం కారులో వచ్చి, ఎర్రటి ఎండలో అరగంట ఇసుకలో తిరిగి, ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఈ ఊరిని చూడాల్సింది తెల్లవారుజామున. పడవలు ఒడ్డుకు చేరగానే వలలు దులుపుతారు, చేపలు కుప్పలు పడతాయి, అక్కడికక్కడే వేలం పాట మొదలవుతుంది. పాటలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళ గొంతే పైన. బేరం కుదిరిన నెత్తళ్ళు తట్టల్లోకి ఎక్కి, ఎండ ముదరకముందే ఊళ్ళోకి వెళ్ళిపోతాయి.

డచ్చివారు పదిహేడో శతాబ్దంలోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1825లో అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఈ ఊరు ఇప్పుడు మహా విశాఖ నగరంలో ఒక శివారు. 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక ఇలాంటి చిన్న రేవులకు పని తగ్గుతూ వచ్చింది. డచ్చి సమాధుల తోటకు తప్పక వెళ్ళండి. కొన్ని సమాధులు మనిషికంటే ఎత్తుగా, మొనదేలి ఉంటాయి. పలకల మీద చెక్కిన అక్షరాలను ఉప్పుగాలి మెల్లగా తినేస్తోంది. వాటి మీద పేర్లు గీకేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది.

బస మాటకొస్తే, పిల్లలతో స్నానాలకు వచ్చేవాళ్ళకు రుషికొండే మేలు. అక్కడ గదులు ఎక్కువ, తీరం శుభ్రం. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట నీళ్ళలోకి దిగకండి, లాగేస్తుంది. ఇక్కడి బసలు చిన్నవి. సముద్రం కనిపించే గది అని డబ్బు కట్టించుకున్న ఒకచోట మా బంధువులకు వెనకవైపు గది ఇచ్చారు. గది చూశాకే డబ్బు ఇవ్వండి.

కాపురానికి వచ్చేవాళ్ళకు ఒక మాట. కిటికీ ఊచలు, తలుపు బందులు ఇట్టే తుప్పు పడతాయి, రంగుల ఖర్చు తప్పదు. విశాఖ రైల్వే స్టేషను నుంచి బీచ్ రోడ్డు మీదుగా 900కె బస్సు ఉంది. కుడివైపు కూర్చుంటే దారిపొడవునా సముద్రమే. రాత్రి పొద్దుపోయాక మాత్రం బస్సులు పలచబడతాయి.

దారిలోని ఎర్రమట్టి దిబ్బలు 2014 నుంచి జాతీయ భూవారసత్వ స్థలం. ఉదయమే వెళ్ళండి, నీడ దొరకదు. అంచులు ఎక్కితే మట్టి జారిపోతుంది, కింది దారిలోనే నడవండి. సాయంత్రం పావురాళ్ళకొండ ఎక్కితే ఏరూ, ఊరూ, సముద్రమూ ఒకేసారి కనిపిస్తాయి. చీకటి పడకముందే దిగేలా బయలుదేరండి, మంచినీళ్ళు కిందే కొనుక్కోండి.