బరువైన బండికి సైడ్ స్టాండా, సెంటర్ స్టాండా?

రెండు వందల కిలోలు దాటిన టూరింగ్ బండిని కాసేపు ఆపడానికి సైడ్ స్టాండే సుఖం. బంజారాహిల్స్ వాలులో మాత్రం ముందు చక్రం ఎత్తువైపు ఉంచి, ఫస్ట్ గేరులో వదలాలి. లేదంటే బండి ముందుకు దొర్లి స్టాండ్ మడుచుకుంటుంది. మే ఎండకు తారు మెత్తబడితే స్టాండ్ కాలు దిగబడుతుంది, కింద రేకు ముక్క వేయండి.

చైన్‌కు లూబ్ (కందెన) పట్టించడానికీ వెనక పంక్చర్‌కీ సెంటర్ స్టాండ్‌కు సాటి లేదు. గట్టి, సమమైన నేల చూసుకోండి. ఎడమవైపు నిలబడి ఎడమచేత్తో హ్యాండిల్, కుడిచేత్తో గ్రాబ్ రైల్ (వెనక సీటు దగ్గరి పట్టుకడ్డీ) పట్టుకోండి. కుడికాలితో స్టాండ్ దించి, దాని రెండు కాళ్లూ నేలకు ఆనాక ఒంటిబరువంతా దానిమీదే మోపండి. చేతులతో లాగితే బండి లేవదు, నడుం పడుతుంది. ఒక్క కాలే ఆనితే పక్కకు ఒరుగుతుంది. సామాను పెట్టెలు ముందే దించండి. సెంటర్ స్టాండ్ వల్ల బండికి కొన్ని కిలోల బరువు పెరుగుతుంది, ఎత్తు స్పీడ్ బ్రేకర్లకు తగలొచ్చు కూడా.