ఓడ ఇచ్చే ఆరు గంటల ఇమ్మర్షన్ సూట్: మంచు సముద్రంలో ఎంతవరకు ఆదుకుంటుంది?

ధ్రువ పరిశోధన నౌక ఎక్కగానే ఒక పెద్ద సంచి చూపించి ఇది మీది అంటారు. అందులో ఉండేది ఇమ్మర్షన్ సూట్, అంటే ఓడ వదిలి నీళ్ళలో దూకాల్సి వస్తే చలి నుంచి కాపాడే ఒంటినిండా తొడుగు. మామూలుగా 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ అనే నురుగు రబ్బరుతో చేస్తారు. పాదాలు, గ్లౌజులు, హుడ్ అన్నీ ఒకే ముక్కగా కలిసి ఉంటాయి, ముఖం ఒక్కటే బయటికి కనిపిస్తుంది. ప్రయాణానికి సిద్ధమయ్యేవాళ్ళు బూట్ల గురించి, జాకెట్ల గురించి నెలల తరబడి ఆరా తీస్తారు గానీ ఈ సంచిని డ్రిల్ రోజు దాకా విప్పి చూడరు. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ మోడల్ గురించీ కాదు. ఈ తరహా సూట్లన్నిటి బలాలూ లోపాలూ దాదాపు ఒకటే.

ముందు బలం చెప్పాలి. ఎల్‌ఎస్‌ఏ కోడ్ అనే, ఓడల్లోని ప్రాణరక్షణ పరికరాల అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఈ ఇన్సులేటెడ్ సూట్ వేసుకున్న మనిషి 4.5 మీటర్ల ఎత్తు నుంచి దూకి, 0 నుంచి 2 డిగ్రీల నీటిలో 6 గంటలు ఉన్నా శరీరం లోపలి ఉష్ణోగ్రత 2 డిగ్రీలకు మించి పడిపోకూడదు. బోర్లా పడితే 5 సెకన్లలోపు వెల్లకిలా తిరగగలగాలి. 2 సెకన్లు మంటలో చుట్టుకుపోయినా సూట్ అంటుకుని కాలుతూ ఉండకూడదు. సూట్ లేకుండా ఆ నీళ్ళలో పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పి నీళ్ళు మింగేస్తారు. అది దాటినా పది నిమిషాల్లో చేతులు కాళ్ళు మాట వినడం మానేస్తాయి. ఒళ్ళు చల్లబడి ప్రాణం పోవడానికి ఇంకా చాలాసేపు పడుతుంది, కానీ అంతకుముందే మునిగిపోయేవాళ్ళు ఎక్కువ. ఈ మొదటి రెండు దెబ్బలను అడ్డుకోవడంలో ఈ సూట్‌కు సాటి లేదు.

అయితే ఆ ఆరు గంటలనే నమ్ముకుంటే పొరపాటు. పరీక్ష జరిగేది అలలు లేని నీటిలో. మంచు సముద్రపు ఉప్పునీరు మైనస్ 1.8 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉంటుంది, అంటే పరీక్ష నీటికన్నా చల్లన. పైగా 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న, ధ్రువ సముద్రాల్లో తిరిగే ఓడల నియమావళి పోలార్ కోడ్, సాయం అందడానికి కనీసం 5 రోజులు పట్టవచ్చని లెక్కవేసుకుని ఏర్పాట్లు చేసుకోమంటుంది. ఆరు గంటలెక్కడ, ఐదు రోజులెక్కడ! నీళ్ళలో తేలుతూ ఎదురుచూడటానికి కాదీ సూట్. మునిగే ఓడ నుంచి లైఫ్‌బోట్ దాకానో తెప్ప దాకానో ప్రాణాలతో చేర్చడానికి. లోపల ఏం వేసుకున్నారన్నది అందుకే ముఖ్యం. ఉన్ని లోదుస్తులు, ఉన్ని సాక్సులు, పైన ఇంకో వెచ్చని పొర. తడిస్తే చల్లబడే నూలు బట్టలు వద్దు.

సూట్లలో మొదట తేడా వచ్చేది సైజు దగ్గర. యూనివర్సల్ సైజు అని రాసి ఉన్నది సుమారు 150 నుంచి 190 సెంటీమీటర్ల ఎత్తువాళ్ళకు సరిపోతుందంటారు, కానీ ఆ అంచుల్లో ఉన్నవాళ్ళకు అది నిజంగా సరిపోదు. పొట్టివాళ్ళకు పాదం దగ్గర రబ్బరు మడతపడి నడుస్తుంటే కాలికి అడ్డుపడుతుంది, ముఖం చుట్టూ సీలు వదులై నీళ్ళు దిగుతాయి. పొడుగువాళ్ళకు జిప్పు గడ్డం దాకా రాదు. ఓడ రేవు వదలకముందే వేసుకుని చూసి, కుదరకపోతే చిన్నదో పెద్దదో అడిగి మార్చుకోండి. సముద్రంలోకి వెళ్ళాక అడిగితే స్టోర్‌లో ఏది మిగిలితే అదే. గడ్డం ఒత్తుగా ఉన్నా సీలు సరిగా కూర్చోదు.

వేసుకోవడం రెండు నిమిషాల్లో అయిపోవాలని నియమం. అలవాటు లేని చేతులకు అది కుదరదు. సంచి విదిలించి సూట్‌ను నేలమీద పరవాలి, జిప్పు పూర్తిగా తెరవాలి, దానిమీద కూర్చుని కాళ్ళు దూర్చాలి. బూట్లు ఇరుక్కుంటే పాదాలకు ప్లాస్టిక్ సంచులు తొడిగితే జారి దిగుతాయి. చీలమండ దగ్గర పట్టీలు ఉంటే అప్పుడే బిగించాలి, లేకపోతే గాలి కాళ్ళలోకి చేరి నీళ్ళలో పాదాలు పైకి లేస్తాయి. తర్వాత మోకాళ్ళ మీద లేచి ముందు బలహీనమైన చేయి దూర్చాలి, ఇంకా ఖాళీగా ఉన్న బలమైన చేత్తో హుడ్ లాక్కోవాలి, ఆఖరికి ఆ చేయి. చాలామంది రెండు చేతులూ ముందే దూర్చేస్తారు. మూడు వేళ్ళ గ్లౌజులతో హుడ్ సర్దడం, జుట్టు లోపలికి తోయడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. వెనక్కి కొంచెం వంగి జిప్పును నిటారుగా పైకి లాగాలి. పక్కకు లాగితే పళ్ళు తప్పుతాయి. ముఖం కిందిపట్టీ మూశాక గొంతుక్కూర్చుని, ముఖం దగ్గర సీలును వేలితో కాస్త ఎడం చేసి లోపలి గాలి బయటికి పంపాలి. గాలి ఉండగా దూకితే అది ఒక్కసారిగా పైకి తన్నుతుంది.

కళ్ళజోడు, రేడియో, సముద్ర వాంతుల మాత్ర, వీటి సంగతి జిప్పు వేయకముందే చూసుకోవాలి. ఆ గ్లౌజులతో తాడు పట్టుకోవచ్చు, నిచ్చెన ఎక్కవచ్చు, చిన్న బటన్ మాత్రం నొక్కలేరు. మాత్ర వేసుకోవడం చాలా అవసరం. మూసిన లైఫ్‌బోట్‌లో ఊగిసలాటకు గట్టి కడుపువాళ్ళూ వాంతి చేసుకుంటారు, దాంతో ఒంట్లో నీరు పోతుంది, చలి ఇంకా త్వరగా పట్టుకుంటుంది.

దీన్ని పని బట్టలా వాడొద్దు. సముద్రపు నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ పరికరం దించేటప్పుడు, చిన్న పడవల్లో తిరిగేటప్పుడు వేసుకునేది వేరే ఫ్లోటేషన్ సూట్. అందులో నురుగు పొర తేలుస్తుంది, నీళ్ళు మాత్రం లోపలికి వస్తాయి. అది పనికోసం, ఇది ఓడ వదిలేటప్పటికోసం. ఇమ్మర్షన్ సూట్ తొడుక్కుని డెక్ మీద బరువులు మోస్తే పది నిమిషాల్లో చెమటతో తడుస్తారు, సూట్‌కు చిరుగులూ పడతాయి.

ఎక్కువగా మొండికేసేది జిప్పే. ఇత్తడి పళ్ళలో ఉప్పు పేరుకుని పచ్చగా చిలుముపడుతుంది, స్లైడర్ కింది అంచు దగ్గరే ఆగిపోతుంది. తయారీదారు చెప్పిన జిప్పు మైనాన్ని లోపలా బయటా రాసి నాలుగైదుసార్లు ఆడించాలి. మామూలు గ్రీజు రాస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. జిప్పు ఆడకపోతే ఆ సూట్‌ను పక్కన పెట్టేయాల్సిందే. నెలకోసారి మొత్తం పరిచి చూడాలి: చిరుగులు, మెరిసే పట్టీలు, విజిల్, లైటు బ్యాటరీ గడువు. తల వెనుక గాలిదిండు ఉంటే మూడు నెలలకోసారైనా ఊది కారుతుందేమో గమనించాలి. డ్రిల్ తర్వాత తడి సూట్‌ను అలాగే సంచిలో కుక్కేస్తే వెచ్చని సముద్రాలు దాటేలోపు బూజు పడుతుంది. పూర్తిగా ఆరాక, జిప్పు పూర్తిగా తెరిచి ఉంచే మడవాలి.

సంచి అందుకోగానే ఇంకొక్కటి అడగండి, అతుకుల గాలి ఒత్తిడి పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందని. మూడేళ్ళకు మించి ఎడం ఉండకూడదు. పదేళ్ళు దాటిన సూట్‌కు ఇంకా తరచుగా జరగాలి. తేదీ చూపించలేకపోతే వేరే సూట్ ఇమ్మని అడగడం మీ హక్కు.